హౌస్‌మన్ కవితలు, ఆంగ్ల కళాగీతాలు: స్వరకర్త చేసే విమర్శ

ఉపోద్ఘాతం

గత పాఠంలో మీరు బాలడ్ అనే ఆంగ్ల కథాగేయం గురించి చదువుకున్నారు. నాలుగు పాదాల చిన్న చరణాలు, సంభాషణలో నడిచే కథ, చెప్పీ చెప్పకుండా వదిలేసే ముగింపు దాని లక్షణాలని మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రూపాన్నే పందొమ్మిదో శతాబ్దం చివర మళ్లీ చేతికి తీసుకున్న ఒక కవిని, ఆయన కవితలకు బాణీలు కట్టిన ఇద్దరు స్వరకర్తలను ఈ పాఠంలో పరిశీలిద్దాం. కవి పేరు ఏ.ఇ. హౌస్‌మన్. స్వరకర్తలు రాల్ఫ్ వాన్ విలియమ్స్, జార్జ్ బటర్‌వర్త్. రాల్ఫ్ అని రాసినా ఆ పేరును ఆయన ‘రేఫ్’ అనే పలికేవాడు. రికార్డింగుల్లో అలా వినబడితే వేరే మనిషి అనుకోకండి.

పాశ్చాత్య సంగీతం తెలియకపోతే ఈ పాఠం అర్థం కాదేమోనని సందేహించనక్కరలేదు. మనం అడగబోయే ప్రశ్నలు కవిత్వానికి సంబంధించినవే. ఒక కవితను చదివేటప్పుడు మనం దానికి మనసులో ఒక గొంతు ఇస్తాం. కొన్ని మాటల దగ్గర ఆగుతాం, కొన్నింటిని దాటిపోతాం. స్వరకర్త కూడా చేసేది అదే. కాకపోతే ఎక్కడ ఆగాడో, దేన్ని దాటిపోయాడో, ఏ మాటకు గొంతు పెంచాడో కాగితం మీద రాసి పెడతాడు. అందుకే కవితకు కట్టిన బాణీని ఆ కవిత మీద రాసిన విమర్శగా చదవవచ్చు. విమర్శ అన్నాక అది సరైనదా కాదా అని అడిగే హక్కు మనకు వస్తుంది. ఈ పాఠం చేసే పని అదే.

కళాగీతం అంటే ఏమిటి?

ఆంగ్లంలో ఆర్ట్ సాంగ్ అనే ప్రక్రియను ఇక్కడ కళాగీతం అని పిలుద్దాం. ముందే అచ్చయి ఉన్న కవితను స్వరకర్త ఎంచుకుంటాడు. ఒక గొంతుకు, సాధారణంగా పియానోకు, స్వరం రాస్తాడు. దాన్ని చిన్న కచేరీ హాలులో, మైకు లేకుండా, శ్రద్ధగా వినే శ్రోతల ముందు పాడతారు. మన సినిమా పాటలో చాలాసార్లు బాణీ ముందు పుడుతుంది, మాటలు తరువాత వస్తాయి. ఇక్కడ అలా జరగదు. కరుణశ్రీ రాసిన ‘పుష్పవిలాపం’ పద్యాలను ఘంటసాల గొంతులో విన్నవారికి, అచ్చులో ఉన్న కవిత పాటగా మారడమంటే ఏమిటో కొంత తెలుసు. అయితే పద్యగానంలో రాగాలాపన గాయకుని ఇష్టానికి కొంత వదిలేస్తారు. కళాగీతంలో ప్రతి స్వరం, దాని నిడివి, దాని బలం కూడా స్వరకర్తే నిర్ణయిస్తాడు. పియానో పక్కవాద్యం మాత్రమే కాదు. గాయకుడు చెప్పని సంగతిని అది చెప్పవచ్చు, అతను చెప్పినదాన్ని కాదనవచ్చు. ఈ విషయం గుర్తుంచుకోండి, ముందు ముందు అవసరపడుతుంది.

కవి, ఆయన నిరాశ

హౌస్‌మన్ 1859లో ఇంగ్లండులోని వూస్టర్‌షైర్‌లో పుట్టాడు. ఆక్స్‌ఫర్డ్‌లో ప్రతిభావంతుడైన విద్యార్థిగా పేరు తెచ్చుకొని, 1881లో చివరి పరీక్ష తప్పాడు. తరువాత పదేళ్లు లండన్‌లో పేటెంట్ ఆఫీసులో గుమాస్తాగా పనిచేస్తూ, సాయంత్రాలు గ్రంథాలయంలో కూర్చొని లాటిన్, గ్రీకు గ్రంథాల మీద వ్యాసాలు రాశాడు. ఆ వ్యాసాల బలంతోనే 1892లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో లాటిన్ ఆచార్యుడయ్యాడు. 1911లో కేంబ్రిడ్జ్‌కి వెళ్లాడు, 1936లో అక్కడే మరణించాడు. ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు చదువుకునే మీలో కొందరికి ఈ కథ కొత్తగా అనిపించకపోవచ్చు.

ఆయన జీవితంలో మన ఉపఖండాన్ని తాకిన సంగతి ఒకటుంది. ఆక్స్‌ఫర్డ్‌లో పరిచయమైన మోజెస్ జాక్సన్ అనే మిత్రుణ్ణి హౌస్‌మన్ గాఢంగా ప్రేమించాడు. ఆ ప్రేమకు అవతలివైపు నుంచి జవాబు రాలేదు. జాక్సన్ 1887లో కరాచీలోని సింధ్ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా వెళ్లిపోయాడు. హౌస్‌మన్ ఒంటరిగా మిగిలాడు. ఈ వివరం తెలియగానే ప్రతి కవితలోనూ జాక్సన్‌ను వెతకడం మొదలుపెట్టకండి. జీవితచరిత్ర తలుపు తెరుస్తుంది కాని, ఇల్లంతా అదే కాదు.

1896లో ఆయన ‘ఎ ష్రాప్‌షైర్ లాడ్’ అనే సంపుటాన్ని సొంత ఖర్చుతో ప్రచురించాడు. అందులో 63 చిన్న కవితలున్నాయి. మొదటి ముద్రణ 500 ప్రతులు. ష్రాప్‌షైర్ ఆయన సొంత ఊరు కాదు. చిన్నతనంలో ఇంటి దగ్గర నుంచి చూస్తే పడమటి దిక్కున కనిపించే కొండల అవతలి జిల్లా అది. సూర్యుడు అస్తమించే వైపు ఉన్న ఆ ప్రాంతాన్ని ఆయన తన ఊహలో పల్లెపడుచులతో, సైన్యంలో చేరే కుర్రాళ్లతో, ఉరికంబాలతో, సంతలతో నింపాడు. ఆ కుర్రాళ్లలో చాలామంది చిన్నవయసులోనే చనిపోతారు.

ఆయన్ను నిరాశావాది అంటారు. మాట సరైనదే, కాని అది ఏ రకమైన నిరాశో చూడాలి. సంపుటంలోని రెండో కవితలో ఇరవై ఏళ్ల యువకుడు పూసిన చెర్రీ చెట్టును చూస్తాడు. వెంటనే లెక్క వేస్తాడు. బైబిల్ ప్రకారం మనిషి ఆయుష్షు డెబ్బై. ఇరవై పోయాయి, ఇక తిరిగిరావు. మిగిలింది యాభై. పూలు చూడడానికి యాభై వసంతాలు ఏ మూలకు? అందుకని ఇప్పుడే అడవిలోకి వెళ్తానంటాడు. ఇక్కడ ఏడుపు లేదు, ఒక తీసివేత లెక్క ఉంది. యాభై ఏళ్లు మిగిలి ఉన్నాయని సంతోషించవలసిన చోట అది చాలదని కుర్రవాడు అనుకోవడంలో విషాదం ఉంది. కాని ఆ మాట అతను చెప్పడు.

చివరి నుంచి రెండోదైన 62వ కవితలో కవి తన నిరాశకు తానే సంజాయిషీ ఇస్తాడు. నీ పద్యాలు వింటే కడుపునొప్పి వస్తుంది, కాస్త చిందులు వేసుకునే పాటేదైనా కట్టవయ్యా అని ఒక స్నేహితుడు ఎగతాళి చేస్తాడు. చిందులే కావాలంటే బీరు తాగు, కవిత్వం కంటే అది మేలు అని కవి జవాబు. ఆ తరువాత మిత్రిడేటీస్ రాజు కథ చెబుతాడు. శత్రువులు విషం పెడతారని తెలిసిన ఆ రాజు రోజూ కొంచెం కొంచెంగా విషం తిని అలవాటు చేసుకున్నాడు. విషం పెట్టినవాళ్లు నివ్వెరపోయారు, రాజు మాత్రం ముసలివాడై చనిపోయాడు. అంటే హౌస్‌మన్ దృష్టిలో విషాద కవిత్వం టీకా మందు లాంటిది. మోతాదు చిన్నదిగా ఉంటేనే అది మందు. ఎక్కువైతే మళ్లీ విషమే. ఈ మోతాదు అన్న ఆలోచనను పట్టుకొని మనం ఆ ఇద్దరు స్వరకర్తల దగ్గరకు వెళ్దాం.

ఒక కవిత: చనిపోయినవాడి ప్రశ్నలు

సంపుటంలోని 27వ కవితను ఇద్దరూ స్వరపరిచారు. ఎనిమిది చరణాలున్నాయి. సమాధిలో ఉన్న ఒక యువకుడు నాలుగు ప్రశ్నలు అడుగుతాడు. బతికి ఉన్న ఒకడు నాలుగు జవాబులు చెబుతాడు. మొదటి ప్రశ్న నేను తోలిన గుర్రాల నాగలి ఇంకా నడుస్తోందా అని. రెండోది ఏటి ఒడ్డున కుర్రాళ్లు ఫుట్‌బాల్ ఆడుతున్నారా అని. మూడోది నా పిల్ల సుఖంగా ఉందా, ఏడ్చి ఏడ్చి అలసిపోయిందా అని. నాలుగోది నా స్నేహితుడు బాగున్నాడా, నా పక్క కంటే మంచి పక్క దొరికిందా అని. మొదటి మూడింటికి జవాబు ఒకే తీరులో వస్తుంది. అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి, నువ్వు నిశ్చింతగా పడుకో. నాలుగో జవాబులో మాత్రం, చనిపోయిన ఒకడి ప్రియురాలికి తోడుగా ఉంటున్నానని, ఆ చనిపోయినవాడెవరని మాత్రం అడగవద్దని స్నేహితుడు అంటాడు.

కథ ఇంతే. ఇప్పుడు కొంచెం దగ్గరగా చూద్దాం. మూడు జవాబులు పూర్తయ్యేదాకా బదులిస్తున్నది ఎవరో మనకు తెలియదు. అది ఊరివాళ్లలో ఎవరి గొంతైనా కావచ్చు. తనను ‘నేను’ అని అతను చెప్పుకునేది నాలుగో జవాబులోనే. ఆ ఒక్క సర్వనామంతో అంతకుముందు విన్న జవాబుల రంగు మారిపోతుంది. ఆ పిల్ల తేలికగా నిద్రపోతోందని ఇతనికి ఎలా తెలుసు? ఇప్పుడు అర్థమైంది. మొదటి మూడు జవాబుల్లో ‘ఔను’ అనడానికి వాడిన పల్లెటూరి మాట కూడా నాలుగో దానిలో మారి మామూలు ‘యెస్’ అవుతుంది. అంత చిన్న తేడాలోనే ఒక మనిషి తడబాటు దాగి ఉంది.

రెండో సంగతి క్రియలకు సంబంధించినది. మొదటి జవాబులో చనిపోయినవాడు తాను దున్నిన నేల కిందే పడుకొని ఉన్నాడు. మూడో జవాబులో ఆ పిల్ల పడుకుంటోంది. నాలుగో దానిలో స్నేహితుడు హాయిగా పడుకుంటున్నాడు. మూడుచోట్లా ఆంగ్లంలో ఒకే క్రియ వాడాడు కవి. సమాధి, మంచం ఆ ఒక్క మాటలో కలిసిపోతాయి. ఆ క్రియకు ఆంగ్లంలో ‘అబద్ధమాడు’ అన్న అర్థం కూడా ఉందని మీకు తెలుసు. కవి దాన్ని ఎత్తి చూపడు, మనమూ ఎక్కువ లాగవద్దు. కాని ఫుట్‌బాల్ చరణాల్లో మాత్రం క్రియ వేరు. అక్కడ ‘నిలబడటం’ ఉంది. నేనిక నిలబడనుగదా అని చనిపోయినవాడు అంటాడు. జవాబులో గోల్ స్తంభాలు నిలబడి ఉన్నాయి, గోల్‌కీపర్ నిలబడి ఉన్నాడు. కవిత మొత్తంలో ఎవరైనా తమ కాళ్ల మీద నిలబడి ఉండటం ఈ ఒక్కచోటే. ఈ చరణాలు మీకు మామూలుగా, కొంచెం నవ్వు తెప్పించేవిగా కూడా అనిపించవచ్చు. వాటి గురించే పెద్ద గొడవ జరిగింది.

వాన్ విలియమ్స్ స్వరరచన

1909లో వాన్ విలియమ్స్ ‘ఆన్ వెన్‌లాక్ ఎడ్జ్’ అనే పేరుతో ఈ సంపుటం నుంచి ఆరు కవితలను పాటలమాలగా కూర్చాడు. టెనర్ గొంతుకు పియానోతో పాటు రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో వాడాడు. అంతకు కొద్దికాలం ముందే ఆయన పారిస్ వెళ్లి రావెల్ దగ్గర శిక్షణ పొంది వచ్చాడు. ఆ రంగుల ప్రభావం ఈ పాటల్లో స్పష్టంగా వినబడుతుంది. అదే ఏడాది నవంబరులో లండన్‌లో గెర్వేజ్ ఎల్వెస్ అనే గాయకుడు వీటిని మొదటిసారి పాడాడు. 1917లో రికార్డు కూడా చేశాడు.

27వ కవితకు ఆయన రెండు ప్రపంచాలు కట్టాడు. చనిపోయినవాడు మాట్లాడేటప్పుడు తంత్రీవాద్యాలు శబ్దం అణచి, దాదాపు కదలకుండా నిలిచిపోతాయి. గొంతు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు ఉండాలని స్వరపత్రంలో సూచించాడు. బతికున్నవాడు జవాబిచ్చేటప్పుడు పియానో లోపలికి దూసుకొస్తుంది, నిలకడ లేకుండా కొట్టుకుంటూనే ఉంటుంది. జవాబు జవాబుకీ ఆందోళన పెరుగుతుంది. నాలుగో జవాబుకు చేరేసరికి అది దాదాపు కేక. మొదటిసారి విన్నప్పుడు ఒళ్లు గగుర్పొడుస్తుంది, అది కాదనలేం.

అయినా రెండోసారి వింటున్నప్పుడు ఒక ప్రశ్న రావాలి. గుర్రాలు నాగలి లాగుతున్నాయని చెప్పడానికి ఈ మనిషి ఇంత ఆందోళన పడటం ఎందుకు? హౌస్‌మన్ నాలుగో జవాబు దాకా దాచిన రహస్యాన్ని వాన్ విలియమ్స్ పియానో మొదటి జవాబులోనే బయటపెట్టేసింది. ఇతను తప్పు చేసినవాడని మనకు ముందే తెలిసిపోతుంది. కవితలో ఒక మంచి కబురు చెబుతున్నట్టు మొదలైన గొంతు పాటలో నేరం ఒప్పుకునే గొంతు అయింది.

ఇక రెండో మార్పు సంగతి. వాన్ విలియమ్స్ ఫుట్‌బాల్ చరణాలు రెండింటినీ తీసేశాడు. ఈ సంగతి తెలిసి హౌస్‌మన్ మండిపడ్డాడు. ఆయన సంగీతంలోంచి నేను రెండు గతులు తీసేస్తే ఆయనకెలా ఉంటుందని తన ప్రచురణకర్త గ్రాంట్ రిచర్డ్స్‌కు రాశాడు. వాన్ విలియమ్స్ కూడా తగ్గలేదు. అర్థం చెడనంతవరకు కవితలో కొంతభాగం మాత్రమే స్వరపరిచే హక్కు స్వరకర్తకు ఉందని, అంత పేలవమైన పాదాలను మరుగుపరిచినందుకు కవి తనకు కృతజ్ఞత చెప్పాలని వాదించాడు. ఇందులో ఒక తమాషా ఉంది. హౌస్‌మన్ తన కవితలకు బాణీ కడతామని అడిగిన స్వరకర్తలెవరినీ ఆపలేదు, వాళ్ల దగ్గర డబ్బూ తీసుకోలేదు. అలాగని ఆ పాటల మీద ఆయనకు ఇష్టమేమీ లేదు. పెర్సీ విదర్స్ అనే మిత్రుడు ఒకసారి గ్రామఫోన్ మీద వాన్ విలియమ్స్ పాటలు వినిపిస్తే ఆయన కుర్చీలో కుదురుగా కూర్చోలేక బాధపడ్డాడట.

ఈ వివాదంలో ఎవరి పక్షం తీసుకోవాలి? వాన్ విలియమ్స్ వాదనలో కొంత న్యాయముంది. చదివేటప్పుడు కన్ను ఒక పాదాన్ని క్షణంలో దాటిపోతుంది, పాటలో అదే పాదానికి చాలా సమయం పడుతుంది. కాగితం మీద తేలికగా ఉన్న గోల్‌కీపర్ టెనర్ గొంతులో హాస్యాస్పదంగా మారే ప్రమాదం నిజంగానే ఉంది. అందులోనూ ఆయన ఎంచుకున్న స్వరశైలి అంత ఉద్వేగభరితం. ఆ ఉద్వేగంలో ఫుట్‌బాల్ బంతికి చోటెక్కడిది? కాని అసలు చిక్కు ఇక్కడే ఉంది. బంతి ఇమడనంత గంభీరంగా బాణీ కట్టింది ఆయనే. ఇమడలేదని తప్పు బంతి మీద పెట్టాడు.

అర్థం చెడలేదన్న మాట కూడా నిలవదు. ‘నిలబడటం’ అనే క్రియ ఆ రెండు చరణాల్లోనే ఉందని పైన చూశాం. వాటిని తీసేస్తే పాటలో నిలబడే మనిషి ఒక్కడూ మిగలడు, అందరూ పడుకున్నవాళ్లే. పొలం నుంచి నేరుగా పడకగదికి వెళ్లిపోతాం. కవితలో చనిపోయినవాడు పని గురించి అడిగాడు, ఆట గురించి అడిగాడు, ఆ తరువాతే ధైర్యం చేసి ప్రియురాలి గురించి అడిగాడు. అసలు అడగాలనుకున్నది చివరికి వాయిదా వేసుకుంటూ వచ్చాడు. దూరాన ఉన్న ఊరి నుంచి ఎవరైనా వస్తే మనమూ వానల గురించి, పంటల గురించి అడిగి, అడగాలనుకున్న మనిషి పేరు ఆఖరున ఎత్తుతాం. ఆ వాయిదాలో ఒక మెట్టు పోతే ప్రశ్న అడిగేవాడి భయం కూడా కొంత పోతుంది. లోకం మనం లేకుండా సాగిపోతుందన్న నిజాన్ని హౌస్‌మన్ ముందు ఆట రూపంలో చిన్న మోతాదులో ఇచ్చాడు. వాన్ విలియమ్స్ ఆ మోతాదు ఎగరగొట్టి మిగిలినదంతా ఒకేసారి తాగించాడు.

ఇంత చెప్పాక ఒకటి ఒప్పుకోవాలి. అదే పాటలమాలలో బ్రెడన్ కొండ మీద ప్రేమికులు గుడిగంటలు వినే 21వ కవితకు ఆయన కట్టిన బాణీ వేరే స్థాయిది. వేసవి ఆదివారపు నిశ్చలత అంతా వాద్యాల్లో నిలిచిపోతుంది. ఆ గంటలే చలికాలంలో ప్రియురాలి శవయాత్రకు ఒంటిగంటగా మారడం పాటలో భరించలేనంత స్పష్టంగా ఉంటుంది. ఆ కవితలో గంటల శబ్దం ముందే ఉంది, సంగీతం దానికి కొత్తగా చేర్చవలసింది తక్కువ. ఒక స్వరకర్త ఒక కవితను సరిగా చదవలేదంటే మరొక దాన్నీ చదవలేదని కాదు.

బటర్‌వర్త్ స్వరరచన

జార్జ్ బటర్‌వర్త్ 1885లో పుట్టాడు. వాన్ విలియమ్స్‌కు మిత్రుడు. ఇద్దరూ పల్లెలు తిరిగి జానపద గీతాలు సేకరించారు. బటర్‌వర్త్ జానపద నృత్యాలు కూడా సేకరించాడు, స్వయంగా ఆడేవాడు. ‘ఎ ష్రాప్‌షైర్ లాడ్’ నుంచి ఆరు పాటలను 1911లో ప్రచురించాడు. ఆ మరుసటి ఏడు మరికొన్ని వచ్చాయి. గొంతు, పియానో, అంతే. మరే వాద్యమూ లేదు.

ఆరింటిలో చివరిది మన 27వ కవితే. ఎనిమిది చరణాలూ ఉన్నాయి, ఫుట్‌బాల్ కూడా ఉంది. చనిపోయినవాడి ప్రశ్నకు పియానో చాలా మెల్లగా మెట్టు మెట్టుగా కిందికి దిగే స్వరసముదాయాలు వాయిస్తుంది, గొంతు సన్నగా, నెమ్మదిగా సాగుతుంది. జవాబుకు గొంతు నిండుగా, కాస్త వేగంగా, ధైర్యంగా వస్తుంది. మళ్లీ ప్రశ్న, మళ్లీ అదే సంగీతం. మళ్లీ జవాబు, మళ్లీ అదే. పాత బాలడ్‌లో లాగా ఒకే బాణీ తిరిగి తిరిగి వస్తుంది. ఇందులో నాటకం చాలా తక్కువ. ఇద్దరినీ ఒక్క గాయకుడే, ఒక్క పియానో మీదే పాడాలి. వాద్యాలు మార్చి ఇద్దర్నీ విడదీసే సౌకర్యం బటర్‌వర్త్ తీసుకోలేదు.

ఈ పొదుపు వల్ల ఏం జరిగిందో చూడండి. గుర్రాల గురించి, బంతి గురించి చెప్పేటప్పుడు జవాబిచ్చేవాడిలో ఏ అపరాధమూ వినబడదు. ఊళ్లో పనిపాటలు చేసుకునే ఆరోగ్యవంతుడి గొంతు అది. పిల్ల గురించి చెప్పేటప్పుడూ అదే గొంతు. బాణీ మారలేదు కాబట్టి మనం అనుమానించం. నాలుగో జవాబు కూడా అదే ధైర్యంతో మొదలవుతుంది. చివరికొచ్చేసరికి ఆ నిబ్బరం సడలి, నడక నెమ్మదించి, చనిపోయినవాడి స్వరసముదాయాలు పియానోలో మళ్లీ మెల్లగా వినబడతాయి. బతికున్నవాడి చివరి మాటలోకి సమాధిలో ఉన్నవాడి సంగీతం వచ్చి చేరింది. స్నేహితుడు ఎవరని అడగవద్దన్నాడు. పియానో అడగలేదు, చెప్పేసింది. కళాగీతంలో పియానో ఏం చేయగలదని మొదట చెప్పుకున్నామో ఇక్కడ జరిగింది అదే.

ఫుట్‌బాల్ చరణం సంగతేమిటి? బటర్‌వర్త్ పాటలో అది హాస్యాస్పదంగా లేదు. దానికి ప్రత్యేకమైన సంగీతమేమీ ఇవ్వకపోవడమే కారణం. గుర్రాలకు ఇచ్చిన సంగీతమే బంతికీ ఇచ్చాడు. గంభీరంగా మార్చడానికీ ప్రయత్నించలేదు, నవ్వు దాచడానికీ ప్రయత్నించలేదు. పాదాలు పేలవంగా ఉంటే ఉండనిచ్చాడు. ఊరి మాటలు పేలవంగానే ఉంటాయి. అవి పేలవంగా ఉన్నందువల్లే చివరి మాట గుచ్చుకుంటుంది.

అందువల్ల ఈ పాఠ రచయిత అభిప్రాయంలో 27వ కవితకు సరైన పాఠకుడు బటర్‌వర్త్. ఇది అందరూ ఒప్పుకునే తీర్పు కాదు. వాన్ విలియమ్స్ పాట సంగీతంగా చాలా పెద్దదని, కచేరీలో బటర్‌వర్త్ పాట దాని పక్కన చిన్నబోతుందని వాదించేవారున్నారు. పరీక్షలో మీరు ఆ పక్షం తీసుకున్నా మార్కులు తగ్గవు, కాని కవితలోని ఏ మాట ఆధారంగా ఆ మాట అంటున్నారో చూపించాలి.

వెనక్కి తిరిగి చదవడంలో ప్రమాదం

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. బటర్‌వర్త్ మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యంలో చేరాడు. వెళ్లేముందు తనకు నచ్చని రాతప్రతులను నాశనం చేశాడు. 1916 ఆగస్టు 5న, ఫ్రాన్స్‌లోని సోమ్ యుద్ధరంగంలో పొజియేర్ దగ్గర చంపబడ్డాడు. వయసు 31. శరీరం దొరకలేదు. తీప్వాల్ స్మారకం మీద ఆయన పేరు చెక్కి ఉంది.

ఇప్పుడు ఆయన ఆరు పాటల్లో అయిదోది వినండి. అది 23వ కవిత. లడ్లో సంతకు వందల సంఖ్యలో కుర్రాళ్లు వస్తారు. పొలం నుంచి, మిల్లు నుంచి, దొడ్డి నుంచి వస్తారు. వాళ్లలో ముసలివాళ్లు కాకుండానే చనిపోబోయేవాళ్లున్నారు. వాళ్లెవరో గుర్తుపట్టగలిగితే పలకరించి వీడ్కోలు చెప్పేవాణ్ణి కదా అంటాడు కవి. దీనికి బటర్‌వర్త్ ఇచ్చిన బాణీ ఊయల ఊగినట్టు తేలికగా, జానపద గీతంలా సాగుతుంది. ఆయన మరణం తెలిసినవాడు దాన్ని కన్నీళ్లు లేకుండా వినలేడు. ఆయన తన చావును ముందే పాడుకున్నాడని రికార్డుల అట్టల మీద, కార్యక్రమ పత్రాల మీద రాస్తుంటారు.

ఈ మాటను విద్యార్థిగా మీరు ఒప్పుకోకూడదు. కవిత 1896 నాటిది, పాట 1911 నాటిది. అప్పటికి సోమ్ అనే పేరు ఇంగ్లండులో ఎవరినీ భయపెట్టేది కాదు. హౌస్‌మన్ రాసిన సైనికులు విక్టోరియా రాణి కాలపు సామ్రాజ్య యుద్ధాలకు వెళ్లినవాళ్లు. బటర్‌వర్త్‌కు భవిష్యత్తు తెలియదు. తెలియకపోవడం వల్లే పాట అంత తేలికగా ఉంది. ఎవరు చనిపోతారో పేరు పెట్టి చెప్పలేకపోవడమే ఆ కవిత బాధ. మనం జవాబు తెలిసినవాళ్లలాగా దాన్ని విని, ‘ఇదిగో ఇతనే’ అని స్వరకర్తను వేలెత్తి చూపితే కవితలోని ప్రశ్నను చంపేసినట్టే. గాయకులు కూడా ఈ పొరపాటు చేస్తారు. స్మారక సభల్లో ఈ పాటను నెమ్మది చేసి, బరువెక్కించి పాడతారు. సంతలో నడిచే కుర్రాళ్లు అప్పుడు శవయాత్రలో నడుస్తున్నట్టు ఉంటుంది. మోతాదు మళ్లీ పెరిగింది. ఈసారి పెంచింది స్వరకర్త కాదు, చరిత్ర తెలిసిన శ్రోత.

ఇతర స్వరకర్తల గురించి ఒక్క మాట. ఆర్థర్ సోమర్వెల్ 1904లోనే ఈ సంపుటం నుంచి పది పాటల మాల కూర్చాడు. యుద్ధం తరువాత జాన్ ఐర్లండ్, యుద్ధంలో గాయపడి తిరిగొచ్చిన ఐవర్ గర్నీ హౌస్‌మన్‌ను స్వరపరిచారు. వాళ్లు ఈ కవితల దగ్గరకు వచ్చేసరికి చనిపోయిన కుర్రాళ్లు ఊహలో వాళ్లు కారు, పేర్లున్న మిత్రులు. ఆ పాటల్లో బరువు ఉంటే దాన్ని తప్పు పట్టే ముందు ఆ తేదీలు చూడాలి.

అభ్యాసం

27వ కవితను ముందు మౌనంగా, తరువాత పైకి చదవండి. నాలుగు జవాబుల్లో ఎక్కడ మీ గొంతు మారిందో పెన్సిలుతో గుర్తుపెట్టుకోండి. ఆ తరువాతే రెండు స్వరరచనలూ వినండి, బటర్‌వర్త్‌ది ముందు. మీ గుర్తు ఎవరి గుర్తుతో కలిసిందో, ఎక్కడ ఎవరితోనూ కలవలేదో ఒక పేజీ రాసి సంపర్క తరగతికి తీసుకురండి. ఫుట్‌బాల్ చరణాల దగ్గర మీకు నవ్వు వచ్చిందా లేదా అన్నది కూడా దాచకుండా రాయండి.